ఓటుపెట్టె లేని పార్లమెంటు

నేనొకసారి ప్రధానమంత్రి పదవికి నిలబడ్డాను. ఓడిపోయానని చెప్పుకునే గౌరవం మాత్రం దక్కలేదు. ఎన్నికే జరగలేదు మరి!

రేపల్లె పక్కన మా నగరం మండలంలో ఒక బడి. అప్పటికింకా గుంటూరు జిల్లా. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022లో. నేను తొమ్మిదవ తరగతి చదువుతుండగా బడిలో మాదిరి పార్లమెంటు పెడతామన్నారు. ప్రధానమంత్రి కావాలనే కోరిక నాలో ఎలా పుట్టిందో తెలియదు గాని, పుట్టాక ఆగలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ తరగతి తరగతికీ తిరిగి మద్దతు అడిగాను. నా వాగ్దానం ఒక్కటే: నన్ను గెలిపిస్తే కాలువ చివరి పొలాలకు నీరెందుకు రావడం లేదో సభలో తేల్చుతాను. మా ఊళ్లు కృష్ణా పశ్చిమ డెల్టాకు కొస. ప్రకాశం బరాజు దగ్గర వదిలిన నీరు తెనాలి దాటి మా దాకా వచ్చేసరికి కాలువలో మోకాలి లోతు కూడా మిగలని సంవత్సరాలుండేవి. ఆ మాట వినగానే ఎనిమిదవ తరగతి పిల్లలు సైతం తలలూపారు.

మాస్టారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి తలా ఒక పేరా చదివించారు. ఖంగుమని గొంతు మోగినవాడు ప్రధాని. వాడి తరువాతివాడు ప్రతిపక్ష నాయకుడు. "మరి ఓట్లు, మాస్టారూ?" అన్నాను. "ఓట్లేమిట్రా, ఆదివారానికి నాటకం సిద్ధం కావాలి" అన్నారాయన. ఆయనను నేను తప్పుపట్టను. ఆయన నోట అప్రయత్నంగా సత్యమే వెలువడింది. నాటకం!

ఈ నాటకానికి పెద్ద చరిత్రే ఉంది. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల నాలుగవ సదస్సు సిఫారసు మీద, 1966-67లో ఢిల్లీ బడులలో యువ పార్లమెంటు పోటీలు మొదలయ్యాయి. తరువాత కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు, విశ్వవిద్యాలయాలకు విస్తరించాయి. మా బడిలో జరిగింది ఆ పథకం కాదు, దాని ఛాయ. ఆ పథకంలో యాభై, యాభైఅయిదు మంది పిల్లలు గంటసేపు సభ నడుపుతారు. ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం, ప్రశ్నోత్తరాలు, బిల్లు. అన్నీ వరుస తప్పకుండా ఉంటాయి. క్రమశిక్షణకు మార్కులు, సభామర్యాదకు మార్కులు, ప్రసంగానికి మార్కులు. ఆ సభ్యుడు ఎవరి ఓటుతో అక్కడ కూర్చున్నాడన్న దానికి మాత్రం మార్కులు లేవు. ప్రజాస్వామ్యంలో మొట్టమొదటి ఘట్టాన్ని తీసివేసి, మిగతా దానికి వేషం కట్టించాము. పెళ్లి లేకుండా అప్పగింతలు జరిపించినట్టుంది!

తెలుగులో 'పోటీ' అన్నమాట ఒక్కటే, అర్థాలు రెండు. పరీక్షకూ పోటీయే, ఎన్నికకూ పోటీయే. ఈ రెండింటినీ మన పెద్దలు కావాలని కలిపేశారేమోనని నాకు అనుమానం. పరీక్షలో నెగ్గినవాడు న్యాయనిర్ణేతకు ఋణపడతాడు. ఎన్నికలో నెగ్గినవాడు పక్క బెంచీ వాడికి ఋణపడతాడు. ఆ ఋణం ఎలా ఉంటుందో చిన్నతనాన తెలియనివాడు పెద్దయ్యాక ఎవరికి జవాబు చెబుతాడు?

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, అమరావతిలో విద్యార్థుల మాదిరి శాసనసభ జరిగింది. మొత్తం 175 నియోజకవర్గాల నుంచి పిల్లలు వచ్చారు. చూడముచ్చటగా మాట్లాడారు కూడా, కాదనను. కాని వారంతా పోటీపరీక్షల మెట్లెక్కి వచ్చినవారు. రేపల్లె పేర కూర్చున్న బిడ్డను రేపల్లె పిల్లలు ఎన్నుకోలేదు. అదే ఏడాది కేంద్రం వారి వికసిత భారత యువ పార్లమెంటుకు అర్హత ఏమిటి? ఒక్క నిమిషం వీడియో తీసి పంపడం. నిమిషంలో దేశభవిష్యత్తు చెప్పగలవాడు ప్రతినిధి. మా మాస్టారి గొంతుపరీక్షకు ఇది సాంకేతిక ముద్రణ, అంతే.

"పిల్లలకు ఎన్నికలు పెడితే కులాలు, కొట్లాటలు, డబ్బు" అంటారు. మన రాష్ట్రంలో కళాశాలల ఎన్నికలు 1980ల చివర ఆగిపోయినప్పుడు వినిపించిన సమాధానమిదే. కొట్లాటలు జరగలేదని నేననడం లేదు. జరిగాయి, ప్రాణాలూ పోయాయి. దానికి మందు కూడా 2006లో చెప్పారు. లింగ్డో కమిటీ అభ్యర్థి ఖర్చు అయిదువేలు దాటరాదన్నది, అచ్చు పోస్టర్లు వద్దు, చేతివ్రాతవే అంటించుకోమన్నది. సుప్రీంకోర్టు అమలు చేయమన్నది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతూనే వచ్చాయి. కేరళ బడిపిల్లలు బడి పార్లమెంటుకు ఓటు వేస్తారు; ఆ రాష్ట్రమేమీ కూలిపోలేదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో, పగలు పశువులు కాచి రాత్రి బడికి వచ్చే పిల్లలు 1990ల నుంచి తమ ప్రధానిని తామే ఎన్నుకున్నారు, బడి సరిగా నడుస్తున్నదో లేదో తామే తనిఖీ చేశారు. ఇక కులం ఓటుపెట్టెతో పాటే బడిలో అడుగుపెడుతుందనడం, డెల్టా పల్లెల్లో పుట్టి పెరిగినవాడు అనవలసిన మాట కాదు. మాస్టారి ఎంపికలో కులం ఉండదని ఎవరు హామీ ఇచ్చారు?

మరో సంగతి. రైతులే కాలువలు చూసుకోవాలని 1997లో చట్టం వచ్చింది, సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఏళ్లు గడిచి 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. ఎలా? చేతులెత్తే పద్ధతిలో! అందరి కళ్లెదుట, ఊరి పెద్ద చూస్తుండగా చెయ్యి ఎత్తాలి. కాలువ కొసన అరెకరం కౌలు చేసుకునేవాడు కాలువ మొదట్లో వున్నవాడికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తగలడా? రహస్యంగా మడిచిన చీటీ విలువ బడిలోనే తెలిసివుంటే, ఆ పద్ధతి మీద పల్లెల్లో కాస్తయినా గొడవ జరిగేదని నా నమ్మకం. పిల్లలకు కావలసింది నల్లకోటు, మైకు కాదు. ఒక బిస్కట్ల డబ్బా, దాని మూతకు కోసిన సందు, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు. ఓడినవాడు మర్నాడు గెలిచినవాడి పక్కనే కూర్చుని లెక్కలు చేయాలి. ఆ పాఠం ఏ మార్కుల పట్టికకూ అందేది కాదు.

నాకేం వేషమిచ్చారో చెప్పనే లేదు. మార్షల్. నాలుగో పేజీలో ప్రతిపక్ష సభ్యుడొకడు కేకలు వేయాలి, సభాపతి ఆజ్ఞతో నేను వాడిని బయటికి తీసుకుపోవాలి. ఆ కేకలు వేసేవాడు నాకోసం తరగతులు తిరిగి మద్దతు కూడగట్టిన స్నేహితుడే. చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చాను. లోపల చప్పట్లు మోగుతున్నాయి, బిల్లు నెగ్గినట్టుంది.

"ఒరేయ్, మన నీళ్ల ప్రశ్న ఎన్నో పేజీలో ఉంది?" అన్నాడు వాడు.