కుక్కకి బిస్కెట్ వేస్తే పుణ్యం రాదు, చేనులోకి పంది వస్తుంది

ఈరోజు పోస్టు కాఫీ రేటు గురించి కాదు, మిరియాల గురించి కాదు. మన కుక్కల గురించి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కొందరికి కోపం కూడా రావచ్చు. రానివ్వండి.

వలిసె పూలు పూసిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా మన ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, అరకు. కారు ఆగిన ప్రతిచోటా నాలుగు కుక్కలు. అద్దం దిగుతుంది, బిస్కెట్ ప్యాకెట్ చిరుగుతుంది, ఫోన్లో వీడియో మొదలవుతుంది. "అయ్యో పాపం, ఎంత ఆకలో!" అంటారు. నడుము కనపడనంత లావెక్కిన కుక్కకి ఆకలేంటండీ? అది ఆకలి కాదు, అలవాటు.

సరే, వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళని తిట్టి లాభం లేదు. నా తగువు మనతోనే. ఆ రోడ్డు మీద కూర్చున్న కుక్కల్లో సగం ఎవరివి? మనవి కావా? మొక్కజొన్న చేను దగ్గర, మేకల వెనకాల ఉండాల్సిన కుక్క తెల్లారేసరికి వ్యూపాయింటుకి డ్యూటీకి పోతోంది. రాత్రికి కడుపు నిండా తిని వచ్చి పడుకుంటోంది. పంది చేనులో దిగితే లేచి అరిచే ఓపిక దానికి ఉండదు. పొద్దున్నే పంట చూసుకుని నెత్తి కొట్టుకునేది మనమే. పైగా "మా కుక్క బాగా బలిసింది, చూడు" అని మనమే మురిసిపోతున్నాం.

బలం వేరు, కొవ్వు వేరు. ఈ తేడా రైతుకి ఒకరు చెప్పాలా? ఎద్దుకి దాణా లెక్కగా పెడతాం. మేకకి గింజలు ఎక్కువైతే కడుపు ఉబ్బుతుందని జాగ్రత్త పడతాం. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎందుకు పోతుంది?

లెక్క నేను చెబుతాను. 10 కిలోల కుక్కకి, అంటే మన ఊరి కుక్క సైజుకి కొంచెం తక్కువ, రోజుకి సుమారు 600 కేలరీలు సరిపోతాయి. చిన్న గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోటి 25 కేలరీల దాకా ఉంటుంది. పది బిస్కెట్లు వేస్తే 250. రోజు తిండిలో దగ్గర దగ్గర సగం! మనిషికి చెప్పాలంటే, మూడు పూటలా తిన్నాక ఇంకో నాలుగైదు గిన్నెల అన్నం తిన్నట్టు. అదీ ఒక్క కారు దగ్గర. ఆదివారం ఎన్ని కార్లు ఆగుతాయో మీరే లెక్కేసుకోండి.

పశువైద్యులు చెప్పే కొలత చాలా సులువు. చిరుతిండి మొత్తం రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ఆ 10 కిలోల కుక్కకి రెండు బిస్కెట్లు. అంతే. ఆ మేరకి కూడా అన్నం తగ్గించాలి.

"మనకే తిండి సరిగా లేదు, కుక్క లావు గురించి మాట్లాడతావేంటి? కుక్క ఎంతకాలం బతుకుతుంది గనక!" అని అడిగేవాళ్ళున్నారు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల్ని జతలుగా పెట్టి, జతలో ఒకదానికి రెండోదాని కంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఆ ఫలితం 2002లో వచ్చింది. తక్కువ తిన్నవి సుమారు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్ళంటే కుక్కకి తక్కువ కాదు. మన కొండ వాలుల మీద ఎక్కి దిగే కుక్కకి కీళ్ళు పోతే ఇక కాపలా లేనట్టే. దానికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. ఎగరొప్పుతూనే చల్లబడాలి. ఒంట్లో కొవ్వు పేరుకుంటే ఎండకి అదీ కష్టమే.

మీ కుక్క లావో కాదో చూడ్డానికి డాక్టరు అక్కర్లేదు. దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టండి. తర్వాత మీ చేతినే తడిమి చూడండి. చెయ్యి చాచి వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, కుక్క పక్కటెముకలు అలా తగిలితే బాగున్నట్టు. పిడికిలి బిగించినప్పుడు కణుపులు పొడుచుకొచ్చినట్టు ఉంటే బక్కది. అరచేయిలాగా మెత్తగా ఉండి ఎముక దొరక్కపోతే లావు. పైనుంచి చూస్తే నడుము కనపడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లాగినట్టుండాలి. తూకం కావాలంటే కాఫీ పళ్ళు తూచే కాటా ఉంది కదా. కుక్కని ఎత్తుకుని నిలబడండి, తర్వాత మీ బరువు తీసెయ్యండి.

బక్క కుక్కకి కూడా తిండి కోసెయ్యమని నేను అనడం లేదు. పిల్లలకి పాలిచ్చే కుక్కకి మామూలు కంటే రెండు మూడింతలు కావాలి. ఎదిగే పిల్లకి, రోజంతా మేకల వెనక తిరిగేదానికి ఎక్కువే పెట్టాలి. ఒళ్ళంతా బక్కగా ఉండి పొట్ట ఒక్కటే ఉబ్బితే అది లావు కాదు, చాలాసార్లు నులిపురుగులు. మందు వేయించండి. లావు కుక్కనైనా ఒక్కసారిగా పస్తు పెట్టకండి, మెల్లగా తగ్గించండి. చోడి అంబలి, అన్నం మంచివే, కానీ ఒట్టి అంబలితో సరిపోదు. ఉడికించిన గుడ్డో, ఉప్పూ కారం లేని మాంసం ముక్కో కలపండి. ముద్దు చేయాలనిపిస్తే గోరంత గుమ్మడి ముక్క, దోసకాయ ముక్క ఇవ్వండి. మన చేతిలోంచి అందిందా లేదా అన్నదే దానికి ఆనందం.

ఇక బొంగు చికెన్ పెట్టే తమ్ముళ్ళకి, గదులు అద్దెకిచ్చే అక్కలకి ఒక మాట. ఉడికిన కోడి ఎముక పెళుసుగా ముక్కలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడు చేస్తాయి. చాక్లెట్ విషం. కాఫీ గింజ, కాఫీ పొడి కూడా విషమే, కళ్ళాల దగ్గర కూడా జాగ్రత్త. ఎంగిలి ఆకులు, ఎముకలు మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. "కుక్కలకి తిండి వేయకండి" అని ఒక అట్ట రాసి కట్టండి. బిస్కెట్ ప్యాకెట్ అమ్మితే పది రూపాయల మీద మిగిలేది ఎంత? తిండి దగ్గర కుక్కలు కొట్టుకుని చిన్నపిల్లని కరిస్తే పోయేది ఎంత? మలుపులో కారు కింద పడి చచ్చే కుక్కని తీసి పాతిపెట్టేది కూడా మనమే.

నిజంగా జాలి ఉన్నవాళ్ళకి చేయడానికి పనుంది. ఏడాదికోసారి రేబిస్ టీకా వేయించండి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, ఆ తర్వాత తిండి కొంచెం తగ్గించండి. పశువుల డాక్టరు మన ఊరు వచ్చిన రోజున ఆవుతో పాటు కుక్కని కూడా పట్టుకెళ్ళండి. వీడియోలో అది కనపడదు, కానీ కుక్కకి పనికొచ్చేది అదే.

రేపు పొద్దున్నే మీ కుక్క ఎక్కడుందో ఒకసారి చూడండి. చేను దగ్గర ఉంటే సంతోషం. రోడ్డు మీద ఉంటే పిలిచి తెచ్చి, పక్కటెముకలు తడిమి, ఏం తేలిందో కింద రాయండి.