ఇచ్చునది ఎవరు?

బాగాయమున వైద్యకళాశాలయు, వేలూరి నడిబొడ్డున దాని ఆసుపత్రియు ఉండుట మనవారికి గర్వకారణము. జీవించియున్న బంధువు ఇచ్చిన మూత్రపిండమును రోగికి అమర్చి జయము పొందిన చికిత్స మన దేశమున మొదట 1971లో ఆ ఆసుపత్రిలోనే జరిగినది. ఎక్కడెక్కడి రోగులో కాట్పాడిలో రైలు దిగి దానికై వచ్చుచుందురు. ఇంతటి విద్యను వాకిట పెట్టుకొని మన తెలుగు కుటుంబములలో అనేకులు ఆ గడప త్రొక్కునది మాత్రము అంతయు ముగిసిన పిమ్మటనే. త్రొక్కిన మరునాడు ఇంటిలో పెద్దలు కూర్చుండి అడుగు ప్రశ్న యొక్కటే: "ఇచ్చునది ఎవరు?" వ్యాకరణము తెలిసినవారు చిత్తగింపవలెను; "ఇచ్చువాడెవడు?" అని అడిగిన యిల్లు అరుదు.

మూత్రపిండము చేయు పనిని ఎరిగినవారికి ఈ ఆలస్యమెంతటి నేరమో తెలియును. వెన్నెముకకు ఇరుప్రక్కల పిడికిలంతేసి పిండములు రెండు కలవు. గుండె పంపు నెత్తురులో దాదాపు ఐదవవంతు వీనికే పోవును. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల నెఫ్రానులు, అనగా సూక్ష్మమైన వడపోత నాళములు, ఉన్నవి. ఒక్క దినములో వీని గుండా వడియు ద్రవము 180 లీటర్లు! వెలికిపోవు మూత్రము లీటరున్నర, రెండు లీటర్లు. తక్కినదెల్ల మరల రక్తములో చేరును. భోగినాడు ఇల్లాలు ఇంటిలోని సామానంతయు వాకిట పెట్టి, పనికివచ్చునది లోపలికి చేర్చి, చెత్తను మాత్రము బయట విడుచును గదా. ఈ పిండములు ఆ పనిని దినమునకు పెక్కుమారులు చేయుచున్నవి. రక్తపుపోటును అదుపులో నుంచుట, ఎఱ్ఱకణములు పుట్టుటకు వలయు రసమును స్రవించుట, డి విటమినును ఎముకలకు ఉపయోగపడునట్లు మార్చుట కూడ వీని బాధ్యతలే. మూత్రపిండములు చెడినవాని ముఖము పాలిపోవుటకు కారణమిదియే.

ఇంత పనిచేయు అవయవము మొఱపెట్టుకొనుట యెరుగదు. చచ్చిన నెఫ్రాను మరల పుట్టదు. మిగిలినవి దాని బరువును కూడ మోయును. సగము శక్తి పోవువరకు రక్తములోని క్రియాటినిన్ సైతము హద్దు దాటకపోవచ్చును. "నాకేమి, నొప్పి లేదు, వాపు లేదు" అని మన యింటి యజమాని మీసము దువ్వుచున్నది ఆ కాలముననే. కాళ్లు ఉబ్బి, అన్నము సహించక, వాంతులు పట్టునప్పటికి మిగిలియుండునది చాల స్వల్పము.

కారణములలో పెద్దవి మధుమేహము, రక్తపుపోటు. చక్కెరవ్యాధి మూత్రపిండమును తాకినప్పుడు తొలుత మూత్రములో ఆల్బుమిన్ కనబడును. ఆ పరీక్షకు వ్యయము కొద్ది. సూది పోటైనను లేదు. దానిని చేయించుకొనని మగవాడు ఒంటినొప్పులకు వైద్యుని చీటి లేకయే మాత్రలు కొని నెలల తరబడి మ్రింగును. ఆ నొప్పిమాత్రలును మూత్రపిండములకు శత్రువులే. ఇక పాలాఱు ఎండిన మన వేసవిలో, గుడియాత్తము మగ్గముల యొద్ద దాహము తీర నీరు త్రాగక కూర్చున్నవారికి రాళ్లు ఏర్పడిన ఆశ్చర్యమేమి? అయితే చెడిన ప్రతి మూత్రపిండమును రోగి తప్పే యనుట అన్యాయము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మధుమేహము లేని కష్టజీవులు సైతము ఈ వ్యాధికి బలియగుచున్నారు; కారణమింకను తేలలేదు. వంశపారంపర్యముగా వచ్చునవియు కలవు. నేను నిందించునది తెలిసియు పరీక్షకు పోనివారిని.

వారి అలక్ష్యమునకు మూల్యము ఎవరు చెల్లించుచున్నారు? పిండములు పూర్తిగా చెడినయెడల వారమునకు సాధారణముగా మూడుసార్లు, సారికి నాలుగేసి గంటలు డయాలిసిస్, లేదా మార్పిడి. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కలను చూడుడు: 2018 నుండి 2023 వరకు మన దేశమున జీవించియున్నవారు చేసిన అవయవదానములు 56,509, అందులో స్త్రీలు చేసినవి 36,038. ఆ దానములలో మూత్రపిండములే అధికము. పొందినవారిలో స్త్రీలు నూటికి సుమారు ముప్పదిమంది మాత్రమే. తల్లి యిచ్చును, భార్య యిచ్చును, అక్క యిచ్చును. ఆమెకే చెడినప్పుడు ఇచ్చుటకు లేచునదెవరు?

"సంపాదించువాడు పడుకొన్న ఇల్లెట్లు గడచును?" అందురు. బీడీలు చుట్టునదెవరు? కండెలు చుట్టునదెవరు? ఆ కూలి కూలి కాదా? "తమ్మునికి చక్కెర, అన్నకు పోటు, వారు ఇయ్యరాదని వైద్యులే చెప్పిరి" అందురు. నిజమే కావచ్చును. వైద్యులు వారిని త్రోసిపుచ్చినది కూడ ఆ పాత అలక్ష్యము వలననే గదా! పురుషుడు ఇయ్యలేడను మాటకు ఆధారము లేదు. బోస్టనులో 1954లో జోసెఫ్ మర్రే చేసిన తొలి జయప్రదమైన మూత్రపిండ మార్పిడిలో ఇచ్చినవాడు రోగికి కవల సోదరుడు.

దానమును నేను ఆక్షేపించుటలేదు. ఆరోగ్యవంతురాలు మనసార ఇచ్చినచో ఒక పిండముతో సుఖముగా జీవింపవచ్చును. అయితే ఇంకను బిడ్డలను కనవలసిన కోడలికి, గర్భకాలమున పోటు పెరుగు ప్రమాదము కొంత హెచ్చునని ఎవరైన చెప్పుచున్నారా? మరణించినవారి అవయవములను గ్రహించు ఏర్పాటు తమిళనాట 2008 నుండి నడచుచున్నది. 2023 నుండి అట్టి దాతల అంత్యక్రియలకు ప్రభుత్వ గౌరవమును లభించుచున్నది. ఆ మాట ఎత్తగానే "అశుభము" అని చెవులు మూసికొనువారు కోడలి ప్రక్కటెముకల క్రింద కత్తి పెట్టించుటకు ముహూర్తము చూతురు.

1994 నాటి అవయవ మార్పిడి చట్టము క్రింద 2014లో వచ్చిన నియమావళి ఒకటి మన యిండ్లలో చదివి వినిపింపవలెను. దాత స్త్రీయైనచో ఎక్కువ జాగ్రత్త వహింపవలెననియు, ఆమె స్వతంత్రమైన అంగీకారమును రోగి గాక మరియొకరు ధ్రువపరుపవలెననియు అందు గలదు. అందుచేత కోడలిని ఆసుపత్రికి తీసికొనిపోవు అత్తమామలు గది బయట కూర్చుండవలెను. ఆమె వైద్యునితో ఒంటరిగా మాటలాడవలెను. వద్దన్నచో ఆమె వద్దన్న సంగతి ఇంటికి చేరనవసరము లేదు. "ఈమె ఇచ్చుటకు తగదు" అని మాత్రము చెప్పుమని వైద్యుని ఆమె కోరవచ్చును.