ఊడలు దిగిన నాయకత్వము

సేవాసంస్థను స్థాపించుట ఒక యెత్తు. దానిని నలువది సంవత్సరములు నడుపుట మరియొక యెత్తు. ఆరంభశూరత్వమునకు మనలో కొఱత లేదు. కొఱతయెల్ల నిలుకడకే.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారికి ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. వేరుసెనగ యెండిన యేట కుటుంబములకు కుటుంబములే బెంగుళూరు బాట పట్టును. ఇట్టి నేలలో ఒక బడి ఫలము, ఒక చెఱువుకట్ట ఫలము కంటికి కనబడుటకు ఒక తరము పట్టును. రెండేండ్ల పథకములతో వచ్చి పోవువారిని పల్లె నమ్మదు. నమ్మకపోవుట న్యాయమే.

బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్ మతబోధకులుగా మన దేశమునకు వచ్చిరి. మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతమున రైతుల అభిమానమును చూఱగొనిరి. అయినను 1968లో దేశమును వీడవలసివచ్చినది. మఱుసటి యేడే తిరిగివచ్చి, అనంతపురమును నెలవుగా చేసికొని, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పిరి. 1970లో మతసంఘమును వీడి, ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహమాడిరి. 2009 జూన్ 19న కన్నుమూయువఱకు అదే వారి యూరు. బావులు, చెక్ డ్యాములు, దళితవాడలలో బడులు, స్త్రీల పేరిట వ్రాయబడిన పక్కాయిండ్లు, ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లి ఆసుపత్రి - ఇవి ఆ నిలుకడకు సాక్ష్యములు.

అయినను స్తోత్రముతో మన బాధ్యత తీరదు. మఱ్ఱి క్రింద మొక్క మొలవదని లోకోక్తి. దీర్ఘకాలము ఒక్కరే పెద్దగా నుండిన సంస్థకు ఈ భయము తప్పదు. నిర్ణయములన్నియు ఒక్కరి నోటనే వెలువడుట అలవాటైనచో, తక్కినవారు ఆజ్ఞ మోయువారే యగుదురు. ఫెర్రర్ అనంతరము వారి భార్యయు, కుమారుడు మాంచో ఫెర్రరును భారము వహించిరి; సంస్థ నిలిచినది. కాని యింటిలోనే వారసులు దొరకుట అదృష్టము. దానిని నియమముగా గ్రహింపరాదు.

చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో బబ్లు గంగూలీ, మేరీ వట్టమట్టం ప్రభృతులు ప్రారంభించిన టింబక్టు కలెక్టివ్ మఱియొక త్రోవ చూపినది. స్త్రీల పొదుపు సంఘములును, ధరణి యను రైతుల సంస్థయు సహకార పద్ధతిపై నిర్మింపబడినవి. సహకార సంఘమునకు యజమానులు సభ్యులే. స్థాపకులు లేనినాడును పద్దుపుస్తకము తెఱచి లెక్క యడుగు హక్కు వారిది.

లోకోక్తికి సమాధానము మన జిల్లాలోనే కలదు. కదిరికి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను సుమారు 5 ఎకరముల మేర వ్యాపించినది. మొదటి బోదె బలముచేతనే గాదు, దిగిన ఊడలన్నియు నేలనంటి తామే బోదెలైనందున అది విస్తరించినది. నాయకుడెన్ని యేండ్లుండెనని గాక, ఎన్ని ఊడలను నేలకు దింపెనని యడుగుట సమంజసము.

ఉపాధ్యాయులును ఈ ప్రశ్నను తమకు వేసికొనవలెను. గ్రంథాలయపు తాళపుచెవి, తోట పని, సంఘపు లెక్క విద్యార్థుల చేతికి నేడే యీయవలెను. వారు తప్పులు చేయుదురు, దిద్దుకొందురు. పల్లెకు రేపటి పెద్దలు అక్కడనుండియే రావలసియున్నది.