మెట్ల కుర్చీని చూసుకునేది ఎవరు?

చీరాలలో మా ఇంటి కింది వాటా తమ్ముడి బట్టల గోడౌను. మనుషులు మేడ మీద ఉంటారు. బేళ్లు మెట్లెక్కించడం కష్టం కాబట్టి అవి కింద, మోకాళ్లరిగిపోయిన అమ్మ పైన. ఈ ఏర్పాటులో అన్యాయముందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. స్త్రీల చాకిరీ గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న నాకూ తోచలేదు.

2018లో తమ్ముడు మెట్ల వెంబడి పట్టా బిగించి, దాని మీద నడిచే కుర్చీ పెట్టించాడు. బంధువులొచ్చి చూసి, కొడుకంటే అలా ఉండాలన్నారు. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కిందికి దిగి, కూరగాయల బండి దగ్గర తానే బేరమాడింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

కుర్చీ వచ్చిన రోజు అందరికీ గుర్తుంది. అది నడుస్తూ ఉండడానికి రోజూ ఎవరు ఏం చేస్తున్నారో మాత్రం ఎవరికీ పట్టదు. మా కుర్చీ నడిచేది లోపలున్న రెండు 12 వోల్టుల బ్యాటరీల మీద. పట్టా చివర ఛార్జింగు అందే చోట నిలిపితేనే అవి నిండుతాయి. మధ్యలో వదిలేసినా, కరెంటు బిల్లు కలిసొస్తుందని స్విచ్చి ఆపేసినా పాడవుతాయి. బాగా చూసుకున్నా మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి. వాడరేవు వైపు నుంచి ఉప్పుగాలి, గోడౌనులో లేచే నూలు పీచు. రెండూ పట్టా పళ్లకు పట్టేస్తాయి. పొడిగుడ్డతో తుడవాలి, చేతికందిన నూనె పొయ్యకూడదు. పాదాల పలకకు చెప్పు అడ్డమొస్తే కుర్చీ ఆగుతుంది. అది చెడిపోవడం కాదు, రక్షణ. ఇవన్నీ నాకు చెప్పింది మరదలు. ఆమెకెవరూ నేర్పలేదు. ఇంట్లో తుడవాల్సిన వాటిలో ఇదొకటి చేరింది, అంతే.

2022 ఎండాకాలంలో కుర్చీ అమ్మతో సహా మెట్ల మధ్య ఆగిపోయింది. మరదలూ ఎదురింటావిడా కలిసి ఆమెను మెల్లగా పైకి చేర్చారు. కంపెనీకి ఫోన్ చేస్తే, "సార్‌కివ్వండమ్మా" అన్నాడు అవతలి మనిషి. కార్డు సార్ పేరు మీదుంది. సార్ సరుకు కోసం సూరత్ వెళ్లాడు. బ్యాటరీలకు గ్యారంటీ లేదు. సర్వీసు ఒప్పందం మొదటి ఏడాది తర్వాత మళ్లీ కట్టనేలేదు. మెకానిక్ రావడానికి 23 రోజులు పట్టింది. ఆ మధ్యలోనే వేటపాలెంలో మా పెద్దమ్మ పోయింది. అప్పటికి తిరిగొచ్చిన తమ్ముడు ఎత్తుకుని దింపుతానన్నాడు. "నేను బేలును కాదురా" అంది అమ్మ. తోడబుట్టినదాని చివరి చూపు ఆమెకు దక్కలేదు.

ఇది డబ్బున్నవాళ్ల గొడవ కదా అని మీరడగొచ్చు. కుర్చీ వరకు నిజమే. మగ్గం పక్కన కూచుని ఏళ్ల తరబడి కండెలు చుట్టిన మా ఎదురింటావిడకు శిబిరంలో ఇచ్చిన వాకర్ ఉంది. దాని కాళ్ల రబ్బరు బూట్లు అరిగిపోయాయి. గచ్చు మీద జారుతుందని ఆమె దాన్ని మూలన పెట్టి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమెను లబ్ధిదారుగా రాసుకున్న రిజిస్టరులో ఈ సంగతి ఉండదు. మన సంస్థల నివేదికలు మాత్రం వేరా? పంచిన లెక్క రాస్తాం, నడుస్తున్న లెక్క రాయం.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని నిర్వచించింది. ఇంగ్లీషులో ఆ పోషణకూ యంత్రం బాగోగులకూ ఒకటే మాట, మెయింటెనెన్స్. చట్టం మొదటి అర్థం దగ్గరే ఆగింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆదాయ పరిమితిని బట్టి సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వమంది. ఆ వాక్యంలో రిపేరు మాట లేదు. ఇచ్చిన పరికరం నడిచే స్థితిలో ఉండడం కూడా హక్కేనని, దానికి డబ్బూ మనిషీ కేటాయించాలని మనం అడగాలి. లేకపోతే ఆ బరువు ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో సర్వీసు కార్డు అమ్మ పేరు మీదుంది. ఫోన్ నంబరు మరదలిది. ఏటా కట్టే ఒప్పందం డబ్బును ఇంటి ఖర్చులో కాక గోడౌను ఖర్చులో రాయమన్నాను. అమ్మ మేడ మీదుంటున్నది బేళ్ల కోసమే కదా. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.