యోగ్యతాపత్రముల దురాచారము

శిష్యుడు తన్నుగూర్చి తానే ప్రశంసాపత్రము వ్రాసికొనుటయు, గురువు దానిని చదువకయే సంతకము చేయుటయు నేడు మన కళాశాలలలో పెక్కింట నొక ఆచారమై కూర్చున్నది. దీనిని దురాచారమనుటకు మేమెంతమాత్రమును సంకోచింపము. తక్కిన శాస్త్రముల మాట యటుండనిండు. గణితమునందును, దానితో పెనవేసికొని పెరుగుచున్న క్వాంటం సమాచారశాస్త్రమునందును డాక్టరేటు పరిశోధనకు దరఖాస్తు పెట్టుకొను మన పిల్లలకు దీనివలన గలుగు నష్టమును లెక్కవేయువారు కానరారు.

జరుగు విధమిది. విదేశ విశ్వవిద్యాలయములు సాధారణముగా మూడు యోగ్యతాపత్రముల నడుగును. అమెరికాలో గడువు పెక్కుచోట్ల డిసెంబరు నెలలో వచ్చును. విద్యార్థి నవంబరు చివర గురువుగారి గది వాకిట నిలుచును. "నీవే వ్రాసి తెమ్ము, సంతకము పెట్టెదను" అని వారానతిత్తురు. అంతటితో నాగునా? పత్రము గురువునొద్దనుండియే నేరుగా రావలెనని నియమమున్నచోట, గురువు పేర నొక క్రొత్త ఈమెయిలు ఖాతాను శిష్యుడే తెఱచి, తన్ను తానే పొగడుకొని పంపుటయు గలదు. ఉద్దేశపత్రముల సంగతి వేఱుగ చెప్పవలయునా? హైదరాబాదున విదేశవిద్యా సలహా దుకాణము లెన్నియో వెలసినవి. అచ్చట సొమ్ము చెల్లించినవారికెల్ల బాల్యమునుండియు గణితమునందు మక్కువ పుట్టించబడును!

"లోకమంతయు నిట్లే చేయుచుండగా మాకేమి దోషము?" అందురు కొందఱు. దోషము మాట తరువాత. ముందు నష్టమును జూడుడు. క్వాంటం సమాచారశాస్త్రము ఏ యొక్క శాఖకును చెందినది కాదు. 1976లో అలెన్ కాన్ అను ఫ్రెంచి గణితవేత్త ఆపరేటరు బీజగణితములందు లేవనెత్తిన ప్రశ్నకు, 2020లో ఐదుగురు పరిశోధకులు గణనశాస్త్రపు త్రోవను, క్వాంటం జంటల ఆటల మూలమున సమాధానము చెప్పిరి. ఇట్టి విద్యలో ప్రవేశించువాడు గణితశాఖనుండి వచ్చెనేని, భౌతికశాస్త్రము వానికెంత తెలియునో మార్కుల పట్టిక చెప్పదు. భౌతికశాఖనుండి వచ్చెనేని, ఋజువు చేయు శక్తి వానికి గలదో లేదో యదియు చెప్పదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున సయితము విద్యార్థి గణితమో, భౌతికమో, గణనశాస్త్రమో యొక శాఖకు దరఖాస్తు పెట్టి, క్వాంటం సమాచారమును దానితో జోడించుకొనవలయును. పట్టిక చెప్పలేనిదానిని చెప్పగలవాడు గురువొక్కడే. ఆ గురువు నోటిని మనమే మూసితిమి.

మంచి పత్రమన నెట్టిదో యొక యుదాహరణము చెప్పెదము. బెల్ 1964లో చూపిన అసమానతకు 1969లో నలుగురు శాస్త్రజ్ఞులొక క్రొత్త రూపమిచ్చిరి. అందు సామాన్య భౌతికమునకు హద్దు 2. క్వాంటం యంత్రశాస్త్రమునకు హద్దు రెండింతల వర్గమూలము రెండని 1980లో సిరెల్సన్ చూపెను. దీని ఋజువు పొడవైనది కాదు: ఆపరేటరును వర్గముచేసి, కమ్యుటేటర్ల పరిమాణమును లెక్కించినచో ఎనిమిది వచ్చును, దాని మూలమే ఆ హద్దు. "ఈ పిల్ల దీనిని నల్లబల్లపై మొదలుపెట్టి నడుమ చిక్కుకొనెను, మఱునాడు పుస్తకము చూడకయే తప్పు తాను కనుగొని సరిచేసెను" అని గురువు రెండు వాక్యములు వ్రాసిన చాలును. "మిక్కిలి కష్టజీవి, వినయశాలి, సమయపాలకురాలు" అను పది విశేషణములు దానికి సరిరావు. వినయమునకు పరిశోధనాశాలలో ప్రత్యేకముగ జీతమియ్యరు.

నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు 1910లో రామానుజుని చూచినపుడు మొదట నమ్మలేదు. అంతట సంతకముచేసి పంపివేయలేదు, త్రోసివేయనులేదు. ఆ బీద యువకుని నోట్‌పుస్తకము తెఱపించి, అతడు చెప్పినదానిని విని, నమ్మిక కుదిరిన తరువాతనే కొంతకాలము తన సొమ్ముతో పోషించెను. పట్టములేని రామానుజుడు 1913 జనవరిలో హార్డీకి లేఖ వ్రాసినపుడు దానితో పంపినది ఆత్మస్తుతి కాదు, సిద్ధాంతములు.

చిన్న కళాశాలల పిల్లలలో పొగడదగినదేమున్నదని పెదవి విఱచువారును గలరు. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణితమున పట్టము పొందిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు డాక్టరేటు రాకమునుపే, 1945లో, ప్రచురించిన అసమానత నేడు క్వాంటం కొలతల శాస్త్రమునకు పునాదిరాళ్లలో నొకటి. వెదకనివారికి పొగడదగినది కనబడదు.

ఇక గురువుల మొఱ: తీరిక లేదని. తరగతిలో నూర్గురుండవచ్చును, గణితపరిశోధనకు పోగోరువారు ఇద్దఱో ముగ్గురో. వారికొఱకు వారమునకొక గంట, ఒక యేడు, నల్లబల్లవద్ద కూర్చుండలేనివారు "నేను నిన్నెఱుగను, వ్రాయజాలను" అని చెప్పుట మేలు. ఆ మాట వినినవాడు మఱియొక గురువును వెదకికొనును; అబద్ధపు పత్రము పట్టుకొనినవాడు ఎందుకు తిరస్కరింపబడెనో తెలియకయే కూర్చుండును.

ఆ కూర్చుండుటకును ఖర్చు గలదు. అమెరికాలో ఒక్కొక్క దరఖాస్తునకు రుసుము వంద డాలర్లకు అటునిటు. పదిచోట్లకు పెట్టినచో, 2023 జనవరినుండి మన దేశమున జూనియరు పరిశోధకునకు ఏర్పడిన 37,000 రూపాయల నెలభృతి రెండునెలలది చాలదు. రుసుము మినహాయింపు కొన్ని విశ్వవిద్యాలయములు అడిగినవారికిచ్చును. ఈ సంగతి సలహా దుకాణములవారు చెప్పుట మేము వినలేదు.

2023 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము 6,003 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో జాతీయ క్వాంటం మిషనును అంగీకరించినది. 2025లో అమరావతిలో క్వాంటం వ్యాలీ నిర్మింతుమని ప్రకటించిరి. సంతోషమే. యంత్రమును కొనవచ్చును, మేడను కట్టవచ్చును. ఆ మేడలో కూర్చుండి ఋజువు వ్రాయవలసిన పిల్ల ఈ నవంబరున నేదో కళాశాల వరండాలో, తన్ను తాను పొగడుకొనవలసిన కాగితము చేతబట్టుకొని, మొదటి వాక్యము తోచక నిలుచుండును. అధ్యాపకులారా, ఆ కాగితము నామెచేతినుండి తీసికొనుడు. లోనికి పిలిచి సుద్దముక్క నిండు.