సంతకానికి ఒక రోజు ఆగండి
ఇంగ్లండ్‌లో చదువుకునే మన పిల్లలు లెటింగ్ ఏజెంట్ పంపిన అద్దె ఒప్పందాన్ని ఫోన్‌లోనే పైపైన చూసి సంతకం పెట్టేస్తున్నారు. ఇల్లు చేజారుతుందన్న కంగారు అర్థమవుతుంది. కానీ నలుగురు కలిసి ఉమ్మడి ఒప్పందం చేసుకుంటే, ఒకరు ఎగ్గొట్టిన అద్దెను మిగతా ముగ్గురిలో ఎవరి దగ్గరైనా మొత్తంగా వసూలు చేయొచ్చు. హామీ సంతకం పెట్టిన బంధువూ ఇరుక్కోవచ్చు. ఇలాంటి షరతులకు సీనియర్ల వాట్సాప్ గ్రూపు చాలదు, చట్టం తెలిసినవారు చదవాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల సలహా కేంద్రాలు ఆ పని ఉచితంగా చేస్తాయి, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ కూడా ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం రిఫరెన్స్ చెకింగ్ పేరుతో ఫీజు అడగకూడదని, ఏడాది అద్దె 50 వేల పౌండ్లలోపైతే డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదని వాళ్లే చెబుతారు. ఒప్పందాన్ని ఇలా చదివించుకోవడానికి ఒక్కరోజు గడువు కూడా ఇవ్వని ఏజెంటును వదిలేసి వేరే ఇల్లు చూసుకోండి.