మిగిలిన 448 కోట్లు ఎవరివి?

నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ డైరెక్టర్ జనరల్ గారికి,

మీ ప్రవేశ పరీక్షల ప్రశ్నపత్రాలు పదమూడు భాషల్లో వస్తాయి, అందులో తెలుగూ ఉంది. అందుకే ఈ లేఖ తెలుగులోనే రాస్తున్నాను.

పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో మీ సంస్థ జమాఖర్చు ఉంది. ఆరేళ్లలో వసూలైంది 3,512.98 కోట్ల రూపాయలు, ఖర్చయింది 3,064.77 కోట్లు. మిగులు 448 కోట్లు. పరీక్షలు సొంతంగా జరుపుకునే సత్తా పెంచుకోవడానికి ఆ మిగులు వాడుకోమని సంఘం సలహా ఇచ్చింది. 2024 జూన్‌లో మీరు పెట్టిన యూజీసీ నెట్ జరిగిన మర్నాడే రద్దు కావడం చూసినవాళ్లు ఎవరూ ఆ సలహాను కాదనరు. కానీ అంతకుముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ 448 కోట్లు ఎవరివి? అందులో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు తలా వెయ్యి, తలా పదహారు వందలు కట్టిన సొమ్ము ఉంది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది కూలీల బిడ్డలు, కౌలు రైతుల బిడ్డలు. ఎంపీసీ చదివే బీసీ అమ్మాయిని తీసుకోండి. జేఈఈ మెయిన్‌కు జనవరిలో 800, ఏప్రిల్‌లో మళ్లీ 800. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆశ ఉంటే సీయూఈటీ. మూడు సబ్జెక్టులకు 900, మరో రెండు కలిపితే ఇంకో 750. తెలంగాణ ఈఏపీసెట్ మీది కాదు, రాష్ట్రానిది, అయినా 900 ఇవ్వాల్సింది ఆ తల్లిదండ్రులే. మొత్తం 4,150 రూపాయలు. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307. అంటే దాదాపు పద్నాలుగు రోజుల కూలి. అప్పటికి ఆ పిల్ల ఏ కాలేజీ గడపా తొక్కలేదు. ర్యాంకు వచ్చి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాస్తే ఇంకో 1,600. సీయూఈటీ మార్కులు పట్టుకుని ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్తే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజు. బైపీసీ చదివే బీసీ పిల్లకైతే నీట్ ఒక్కదానికే 1,600.

2022 జేఈఈ మెయిన్‌కు అమ్మాయిల ఫీజు 325 రూపాయలు. మరుసటి ఏడాది జనరల్, బీసీ అమ్మాయిలకు అది 800 అయింది. అబ్బాయిలతో పోలిస్తే సగానికి సగం ఉన్న రాయితీ ఒక్క దెబ్బతో బాగా తగ్గిపోయింది. ఎందుకు పెంచారు? ఖర్చులు పెరిగాయంటే, మిగులు ఎలా వచ్చింది? మిగులు ఉందంటే, పెంపు ఎందుకు?

ఫీజుతోనే అయిపోదు. సొంత కంప్యూటరు లేనివాళ్లు నెట్ సెంటర్‌కు పోవాలి. ఫొటో సైజు తగ్గించినందుకు ఇంత, సంతకం ఎక్కించినందుకు ఇంత, సెంటర్ యజమాని తన ఖాతా నుంచి ఫీజు కట్టినందుకు ఇంత. రాష్ట్రం ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ మీకు చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఏటా కొత్తది. ఆ పత్రాల కోసం మీసేవకు, తహసీల్దారు ఆఫీసుకు తిరిగిన రోజుల్లో పోయిన కూలి ఎవరి లెక్కలోకీ రాదు. మారుమూల ముంచంగిపుట్టు పిల్లకు విశాఖలో సెంటర్ పడి, పరీక్ష ఉదయం తొమ్మిదింటికైతే, ముందు రోజే బయల్దేరాలి. తోడు ఒకరు, రాత్రికి బస, భోజనం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు బస్సు ఉచితం. తోడు వెళ్లే తండ్రికి కాదు.

ఇప్పుడు మీకు పక్కనే ఉన్న సంస్థల సంగతి చూడండి. కలెక్టరు కావడానికి రాసే సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌కు యూపీఎస్సీ ఫీజు వంద రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు. రైల్వే నియామక బోర్డు మహిళల దగ్గర, ఎస్సీ, ఎస్టీల దగ్గర తీసుకునే 250ని, కంప్యూటరు పరీక్షకు హాజరైతే బ్యాంకు చార్జీలు మినహాయించి తిరిగి ఇచ్చేస్తుంది. వాళ్లకు సాధ్యమైంది మీకెందుకు కాదు? ఉద్యోగానికి దరఖాస్తు చేసే పట్టభద్రుడికి ఉన్న వెసులుబాటు, డిగ్రీలో చేరడానికి దరఖాస్తు చేసే పదిహేడేళ్ల పిల్లకు ఎందుకు ఉండకూడదు? ఒకే పరీక్షను రెండు విడతలు పెట్టి రెండుసార్లు డబ్బు తీసుకోవడం ఏ న్యాయం? అదే పేరు, అదే ఫొటో, అదే సర్టిఫికెట్ జేఈఈకి ఒకసారి, సీయూఈటీకి ఇంకోసారి ఎందుకు ఎక్కించాలి? ఒక పిల్ల ప్రభుత్వ కాలేజీలోనో, గురుకులంలోనో చదువుతోందంటే ఆ కుటుంబం స్థితి ఏమిటో వేరే రుజువు కావాలా?

మా పిల్లలు ఫీజులు చూసి పరీక్షలు ఎంచుకుంటున్నారు, సార్. ఒకటి కట్టి, రెండోది వదిలేస్తున్నారు. వదిలేసినవాళ్ల ర్యాంకు ఎంత వచ్చి ఉండేదో మీ దగ్గరా ఉండదు, నా దగ్గరా ఉండదు. దరఖాస్తుల సంఖ్య రికార్డు అని ప్రకటనలు వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. దరఖాస్తు చేయలేకపోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు?

ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫారాల సంగతి ఈ లేఖలో ఎత్తడం లేదు. వాళ్లది వ్యాపారం. మీది ప్రభుత్వ సంస్థ. ఆ తేడా కనబడాలనే అడుగుతున్నాను. వచ్చే నోటిఫికేషన్ ఇచ్చేముందు ఫీజుల పట్టికను ఒక్కసారి మళ్లీ చూడండి. ప్రభుత్వ కాలేజీల పిల్లలకు ఏదో ఒక దారి చూపండి. ఆ 448 కోట్లలో కొంతైనా కట్టినవాళ్ల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చేరేలా చేయండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడు